సహాయ సేవల నాయకత్వానికి ఏ పీజీ చదవాలి? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

వైకల్యం ఉన్నవారికి సహాయ సేవలు అందించే సంస్థలలో నాయకత్వ బాధ్యత తీసుకోవాలంటే పోస్ట్ గ్రాడ్యుయేషన్ అవసరమా, అవసరమైతే ఏది చదవాలి అని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, రాసినవారి వ్యక్తిగత వివరాలు తొలగించి, కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మేధో వైకల్యం ఉన్న పెద్దవారు నివసించే ఒక గృహంలో నేను చాలా ఏళ్లుగా సహాయకురాలిగా పనిచేస్తున్నాను. ఇటీవల నన్ను సమన్వయకర్తను చేశారు. నిన్నటి వరకు నాతో కలిసి షిఫ్టు చేసినవారికి ఇప్పుడు నేను పని అప్పగించాలి. రోస్టరు (ఎవరికి ఏ షిఫ్టు అన్న పట్టిక) వేయడం, ఖర్చుల లెక్క చూడడం, తనిఖీకి వచ్చినవారికి జవాబు చెప్పడం నాకు ఎవరూ నేర్పలేదు. పీజీ చేయమని పై అధికారులు ప్రోత్సహిస్తున్నారు గానీ వైకల్య అధ్యయనాలు, సోషల్ వర్క్, ఎంబీఏ, ప్రజారోగ్యం అంటూ ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు. దేనిలో చేరమంటారు?

జవాబు: షిఫ్టులో పనిచేసిన ఆ ఏళ్లే ఈ చదువుకు మీరు తెచ్చుకుంటున్న పెట్టుబడి. తరగతిలో విన్న ప్రతి సిద్ధాంతాన్నీ మీకు తెలిసిన మనుషుల జీవితాలతో పోల్చి చూసుకోగలుగుతారు. డిగ్రీ ముగించి నేరుగా పీజీలో చేరినవారికి ఆ వీలు ఉండదు. కాబట్టి ‘నాకేమీ తెలియదు’ అన్న బెరుకుతో కాకుండా, తెలిసినదానికి ఒక క్రమం తెచ్చుకోవడానికి వెళుతున్నానన్న ధీమాతో చేరండి.

మీకు సూచించిన చదువులు దేనికవే భిన్నమైనవి. వైకల్య అధ్యయనాల కోర్సు ‘ఎందుకు’ అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. వైకల్యం ఉన్నవారే నడిపిన ఒక సంఘం బ్రిటన్‌లో 1976లో ప్రకటించిన మూల సూత్రాలు, శరీరంలోని లోపం వేరు, ఆ లోపం ఉన్నవారిని సమాజం తన కట్టడాలతో, పద్ధతులతో, వైఖరితో పక్కకు నెట్టడం వేరు అని స్పష్టంగా విడదీశాయి. దాని మీద బ్రిటిష్ పరిశోధకుడు మైక్ ఆలివర్ వంటివారు నిర్మించిన సామాజిక దృక్పథం, అక్కడి నుంచి 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్యం ఉన్నవారి హక్కుల ఒడంబడిక వరకు సాగిన ప్రయాణం ఈ కోర్సులో లోతుగా చెబుతారు. అయితే బడ్జెట్ వేయడం, సిబ్బందిని నిలుపుకోవడం వంటివి ఇందులో సాధారణంగా తక్కువ. సోషల్ వర్క్ కోర్సుకు ఉన్న గొప్ప బలం పర్యవేక్షణలో సాగే ఫీల్డ్‌వర్క్. కుటుంబంతో మాట్లాడడం, సంఘర్షణలో మధ్యవర్తిగా నిలవడం, కేసు నమోదు రాయడం అక్కడ చేతికి వస్తాయి. ప్రజారోగ్యం జనాభా స్థాయిలో ఆలోచించడం నేర్పుతుంది కనుక ప్రభుత్వ శాఖలో గానీ అంతర్జాతీయ సంస్థలో గానీ ప్రణాళిక వైపు వెళ్లాలనుకునేవారికి అది నప్పుతుంది. ఎంబీఏ డబ్బు గురించీ, మానవ వనరుల గురించీ చక్కగా చెబుతుంది. ఆ డబ్బు ఎవరి జీవితం కోసం ఖర్చవుతోందో ఆ మనిషి మాత్రం అందులో చాలావరకు కనిపించడు.

వీటితో పాటు కొన్ని దేశాల విశ్వవిద్యాలయాలలో వైకల్య సేవల నాయకత్వం కోసమే రూపొందించిన కోర్సులు ఉన్నాయి. అవి చాలాచోట్ల మెట్లుగా ఉంటాయి. ముందు కొద్ది నెలల సర్టిఫికెట్, ఆపై డిప్లొమా, మరికొంత చదివితే మాస్టర్స్. మీ స్థితిలో ఉన్నవారు ఆ మొదటి మెట్టు ఎక్కడం మంచిదని నా అభిప్రాయం. సమన్వయకర్తగా మొదటి ఏడాది ఎదురయ్యే చిక్కులకు అవసరమైన చదువు దానిలోనే చాలావరకు దొరుకుతుంది. ఆ పదవిలో కొంతకాలం పనిచేశాక, మీకు నిజంగా ఏది కొరవడిందో తెలిశాక, మాస్టర్స్ సంగతి తేల్చుకోవచ్చు. అయితే సర్టిఫికెట్‌లో సంపాదించిన క్రెడిట్లు తర్వాత మాస్టర్స్‌లో కలుపుతారా లేదా అన్నది చేరే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

కోర్సు నాణ్యత తెలుసుకోవడానికి నేను ముందుగా చూసేది బోధకుల జాబితా. వైకల్యం ఉన్నవారు అక్కడ జీతం తీసుకునే అధ్యాపకులుగా ఉన్నారా, లేక ఏడాదికి ఒకసారి వచ్చి అనుభవాలు చెప్పి వెళ్లే అతిథులుగానే ఉన్నారా అని చూస్తాను. మేధో వైకల్యం ఉన్నవారిని సహ బోధకులుగా నియమించుకున్న విభాగం కనిపిస్తే ఆ కోర్సు మీద నాకు వెంటనే గౌరవం కలుగుతుంది. రెండోది, మీ పనిచోటులోనే చేసే ప్రాజెక్టు ఉందా, దానిని మీ పనిని దగ్గర నుంచి గమనించినవారు దిద్దుతారా అన్నది. కాగితం మీద రాసిన వ్యాసాలకే మార్కులు వేసే కోర్సు మీకు భాషను ఇస్తుంది గానీ, అలసిపోయిన సహోద్యోగితో ఆ సాయంత్రం ఎలా మాట్లాడాలో నేర్పదు.

ప్రశ్న: నేను ఎంబీఏ చేసి ఆసుపత్రుల నిర్వహణలో ఉన్నాను. వైకల్య సేవలు అందించే ఒక పెద్ద సంస్థ నుంచి సంచాలకుడి పదవికి పిలుపు వచ్చింది. నిర్వహణ ఎక్కడైనా నిర్వహణే కదా! ఈ రంగంలో మళ్లీ పీజీ చదవవలసిన అవసరం ఉందంటారా?

జవాబు: జీతాల పట్టిక, కొనుగోళ్లు, ఆడిట్ వంటి వాటి వరకు మీ మాట నిజమే. అంతకు మించి నిజం కాదని ఈ రంగం చరిత్ర బాధాకరంగా చెబుతోంది.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరం దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారిని అక్కడ ఉంచేవారు. ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు ప్రభుత్వ సొమ్ము చెల్లించేవారు. 2011లో బీబీసీ రహస్యంగా చిత్రీకరించిన కార్యక్రమం ప్రసారమయ్యాకే, అక్కడ సిబ్బంది రోగులను కొట్టడం, ఈడ్చడం, హింసించడం లోకానికి తెలిసింది. మరుసటి ఏడాది 11 మందికి శిక్షలు పడ్డాయి. అక్కడ పనిచేసిన ఒక సీనియర్ నర్సు అంతకు ముందే యాజమాన్యానికీ, నియంత్రణ సంస్థకూ ఫిర్యాదు చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. చూడవచ్చిన కుటుంబ సభ్యులను పై అంతస్తు వార్డులలోకి రానిచ్చేవారు కాదు. సిబ్బంది రోగులను బలవంతంగా పట్టి ఆపిన సందర్భాలు ఆ ఆసుపత్రి సొంత దస్తావేజులలోనే నమోదై ఉన్నాయి. వాటిని చదివి ‘ఇన్నిసార్లు ఎందుకు జరిగింది?’ అని అడగవలసిన కుర్చీలో ఉన్నవారు అడగలేదు. డబ్బుకు కొదవ లేదు, లెక్కల పుస్తకాలూ ఉన్నాయి. లేనిది ఆ పుస్తకాలను మనుషుల తరఫున చదివే నాయకత్వం. మీరు కూర్చోబోయేది అటువంటి కుర్చీలోనే కనుక ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ రంగంలో ఆచరణ నాయకత్వం అని ఒక భావన ఉంది. బ్రిటన్‌లో జిమ్ మాన్సెల్, జూలీ బీడిల్ బ్రౌన్, ఆస్ట్రేలియాలో క్రిస్టీన్ బిగ్బీ వంటి పరిశోధకులు నివాస గృహాలలో గంటల తరబడి కూర్చుని, అక్కడ ఉంటున్నవారు రోజులో ఎంతసేపు ఏదో ఒక పనిలో, మాటలో పాలుపంచుకుంటున్నారో గమనించి లెక్క వేశారు. సిబ్బందిని పెంచినంత మాత్రాన ఆ పాలుపంచుకోవడం పెరగదని ఈ తరహా పరిశోధనలు చూపించాయి. ఉన్న సిబ్బంది ఎలా సహాయం చేస్తున్నారన్నదే తేడా తెస్తుంది. వారు ఎలా సహాయం చేస్తారన్నది, వారికి నేరుగా పైన ఉన్న వ్యక్తి దేని మీద దృష్టి పెడుతున్నారన్న దానితో ముడిపడి ఉంటుంది. ఆ వ్యక్తి అక్కడి నివాసుల జీవన నాణ్యత గురించే ఎప్పుడూ మాట్లాడాలి, ఏ సమయంలో ఎవరు ఎవరికి ఎలా తోడు ఉండాలో షిఫ్టుకు ముందే ఏర్పాటు చేయాలి, పక్కన నిలబడి చేసి చూపించి నేర్పాలి, సిబ్బందితో ఒక్కొక్కరిగా కూర్చుని వారి పనితీరు సమీక్షించాలి, బృంద సమావేశాలను కూడా ఇదే పనికి వాడుకోవాలి. ఆచరణ నాయకత్వం అంటే ఇదే.

దీనిని మీరు ఒక చిన్న చోట పరీక్షించి చూడవచ్చు. పదవిలో చేరిన మొదటి వారం ఏదో ఒక గృహానికి వెళ్లి, సిబ్బంది రోజూ రాసే నోట్స్ పుస్తకం తెరవండి. ‘ఉదయం స్నానం చేయించాము. భోజనం పెట్టాము. మందులు ఇచ్చాము. ప్రశాంతంగా ఉన్నారు’ అని పేజీల కొద్దీ ఉంటే, అక్కడ క్రియలన్నీ సిబ్బందివేనని గమనించండి. ఆ మనిషి చేసిన పని, కోరిన కోరిక, వద్దన్న విషయం ఒక్కటీ ఉండదు. ‘చొక్కాలు రెండు చూపిస్తే నీలం రంగుది చేత్తో తోసేశారు, పసుపుది తీసుకున్నారు. గుండీలు రెండు తానే పెట్టుకున్నారు, మిగతావాటికి చెయ్యి పట్టుకుని సాయం చేశాను’ అని రాసి ఉన్న పుస్తకం మరో గృహంలో కనిపించవచ్చు. రెండు గృహాలకూ ఒకే బడ్జెట్, ఒకే సంఖ్యలో సిబ్బంది ఉండవచ్చు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడం, దానిని మిగతా గృహాలకు తీసుకువెళ్లడం మీ ఉద్యోగం.

అందుచేత మీకు మరో రెండేళ్ల మాస్టర్స్ అవసరం లేకపోవచ్చు. హక్కుల ఒడంబడిక, ఆచరణ నాయకత్వం, నిర్బంధ చర్యల (సేవ పొందేవారిని పట్టి ఆపడం, బంధించడం వంటివాటి) నియంత్రణ అనే మూడు అంశాలలో మాత్రం పీజీ స్థాయి పేపర్లు తీసుకోండి. విడి పేపర్లుగా చదవడానికి చాలా విశ్వవిద్యాలయాలు అనుమతిస్తాయి. పదవి స్వీకరించే ముందు కొన్ని షిఫ్టులు, అందులోనూ రాత్రి షిఫ్టులు, సహాయకుల పక్కన ఉండి చూడనివ్వమని సంస్థను కోరండి. ఒప్పుకోని సంస్థ అయితే ఆ పదవిని తీసుకోవాలా వద్దా అన్నది మళ్లీ ఆలోచించండి.

ప్రశ్న: ఈ ఏడాది వైకల్య సేవల మాస్టర్స్‌లో చేరుతున్నాను. ఐచ్ఛిక పేపర్ల జాబితా చాలా పెద్దగా ఉంది. నాయకత్వం వైపు వెళ్లాలనుకునేవారు వేటిని వదులుకోకూడదు?

జవాబు: జాబితాలో మద్దతుతో కూడిన నిర్ణయం అనే పేపర్ ఉంటే అన్నిటికంటే ముందు దానినే తీసుకోండి. ఒడంబడికలోని 12వ అధికరణం, వైకల్యం ఉన్నవారికి చట్టం ముందు అందరితో సమానమైన నిర్ణయాధికారం ఉందని గుర్తించింది. దాని అర్థాన్ని ఐక్యరాజ్యసమితి కమిటీ 2014లో వివరిస్తూ, ఒకరి బదులు మరొకరు నిర్ణయించే పద్ధతి పోయి, నిర్ణయం తీసుకోవడానికి తోడ్పడే పద్ధతి రావాలని చెప్పింది. పెరూ 2018లో, కొలంబియా 2019లో తమ చట్టాలను ఆ దిశగా మార్చుకున్నాయి. చాలా దేశాలు ఇంకా సంరక్షకుల విధానంలోనే ఉన్నాయి. చట్టం ఎలా ఉన్నా సేవా సంస్థలో ఈ ప్రశ్న ప్రతిరోజూ ఎదురవుతుంది. నివాసి బ్యాంకు కార్డు ఎవరి దగ్గర ఉంటుంది? ఆపరేషన్ కాగితం మీద ఎవరు సంతకం చేస్తారు? స్నేహితురాలి ఇంటికి రాత్రి బసకు వెళతానంటే ఎవరి అనుమతి కావాలి? రిస్కు తీసుకునే గౌరవం అన్న ఆలోచనను 1972లో అమెరికన్ రచయిత రాబర్ట్ పెర్స్కీ ముందుకు తెచ్చారు. ప్రమాదం లేకుండా చూడాలన్న ఆరాటంతో మనిషి జీవితాన్నే కుదించివేస్తే అది కూడా హాని చేయడమేనని ఆయన వాదన. నాయకులు ఈ విషయాన్ని నమ్మితే తప్ప కింది సిబ్బంది ధైర్యం చేయరు. ఎందుకంటే ఏదైనా జరిగితే నింద పడేది వారి మీదే.

రెండో పేపర్ నిర్బంధ చర్యల తగ్గింపు. ఆస్ట్రేలియా 2018లో చేసిన నిబంధనలు వీటిని అయిదు రకాలుగా గుర్తించాయి. ఒంటరిగా గదిలో బంధించడం, ప్రవర్తనను అణచడానికి మందులు వాడడం, పట్టీల వంటి పరికరాలతో కదలకుండా చేయడం, చేతులతో పట్టి ఆపడం, పరిసరాలను మూసివేయడం అనేవి ఆ అయిదు. చివరిదానిని చాలామంది నిర్బంధంగానే గుర్తించరు. ఒక గృహంలో నలుగురు ఉన్నారనుకోండి. వారిలో ఒకరు రాత్రిపూట అదుపు లేకుండా తింటున్నారని వంటగదికి తాళం వేశారు. అది ఆయన కోసం వేసిన తాళమే అయినా, దాహం వేసి లేచిన మిగతా ముగ్గురికీ మంచినీళ్లు దొరకవు. ఆ తాళం ఎప్పుడు వేశారు, ఎవరు అనుమతించారు, ఎప్పుడు తీసేయాలని అనుకున్నారు అని అడిగితే చాలాసార్లు ఎవరికీ జవాబు తెలియదు, తాళం వేసినవారు ఉద్యోగం మానేసి ఉంటారు. ఆ తిండి వెనుక నిద్రలేమి ఉందా, వాడుతున్న మందుల ప్రభావం ఉందా, సాయంత్రం నుంచి చేసేందుకు ఏ పనీ లేకపోవడం ఉందా అని వెతికి, ఆ కారణాన్ని సరిచేసి, తాళం తీసే తేదీ రాసుకోవడం ఈ పేపర్‌లో నేర్చుకుంటారు. నా దృష్టిలో నాయకత్వ శిక్షణకు ఇంతకంటే మంచి పాఠం లేదు. ప్రవర్తన విశ్లేషణ, మందుల అవగాహన, హక్కులు, రోస్టరు అన్నీ ఆ ఒక్క తాళం దగ్గర కలుస్తాయి.

మూడోది డబ్బు. ఈ రంగంలోకి ప్రేమతో వచ్చినవారు ఈ పేపర్‌ను తప్పించుకుంటారు, తర్వాత ఇబ్బంది పడతారు. పూర్వం ప్రభుత్వాలు సంస్థకు ఒక మొత్తం ఇచ్చేవి. ఇప్పుడు అనేక దేశాలలో వ్యక్తి పేరు మీదే నిధులు కేటాయించే పద్ధతి వస్తోంది. ఆస్ట్రేలియా 2013లో చట్టం చేసి తెచ్చిన జాతీయ వైకల్య బీమా పథకం దీనికి పెద్ద ఉదాహరణ. వ్యక్తికి ఎంపిక దొరకడం ఇందులోని మేలు. సంస్థ తన ఒక్కో గంట సేవకు ఎంత ఖర్చవుతుందో కచ్చితంగా తెలుసుకోక తప్పకపోవడం ఇందులోని కష్టం. ఒక సహాయకురాలికి వారానికి 40 గంటల జీతం ఇస్తున్నారనుకుందాం. సెలవులు, శిక్షణ, ప్రయాణం, షిఫ్టు అప్పగింత, పర్యవేక్షణ సమావేశం తీసివేస్తే నేరుగా సహాయం చేసే సమయం 30 గంటలే మిగిలితే, ఆ ఒక్కో గంటకు అయ్యే జీతం ఖర్చు మీరు అనుకున్నదానికంటే మూడో వంతు ఎక్కువ. ఈ లెక్క తెలియని సంస్థలు నష్టం కనిపించగానే ముందుగా కోసేది శిక్షణనూ పర్యవేక్షణనూ. అవి పోయిన కొద్ది నెలలకే నోట్స్ పుస్తకాలలో రాతలు మారిపోతాయి. బడ్జెట్ సమావేశంలో ఆ పది గంటలను ఎందుకు కాపాడాలో అంకెలతో వాదించగలిగినవారు ఈ రంగానికి చాలా అవసరం.

పరిశోధనా పద్ధతుల పేపర్ ఎలాగూ తప్పనిసరిగా ఉంటుంది. మిగతావి మీ ఆసక్తిని బట్టి తీసుకోండి.

ప్రశ్న: నేను చక్రాల కుర్చీ వాడతాను, చూపు కూడా తక్కువే. ఒక స్వచ్ఛంద సంస్థలో తోటివారికి సలహాదారుగా ఉన్నాను. సంస్థకు నాయకత్వం వహించాలని నా ఆశ. ‘అనుభవం మీకు ఉంది, ఇంకా చదువు ఎందుకు?’ అని కొందరు, ‘ఆ కోర్సు మీకు కష్టం’ అని మరికొందరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తప్పక చదవండి. మీ అనుభవం విలువైనదే, కానీ మీ అనుభవం మీది. చెవిటివారి, మానసిక సామాజిక వైకల్యం ఉన్నవారి, మాటలు లేనివారి జీవితాల గురించి మీరు కూడా నేర్చుకోవలసే ఉంటుంది. మరో కారణం కూడా ఉంది. చదువు లేదన్న సాకు చూపి, వైకల్యం ఉన్నవారిని సలహా సంఘాలలో కూర్చోబెట్టి, నిర్ణయాలు మాత్రం ఇతరులు తీసుకోవడం ఈ రంగంలో చాలాకాలంగా జరుగుతోంది. ఆ సాకును వారి చేతిలో ఉంచకండి.

మీకంటే ముందు ఈ దారిలో నడిచినవారు ఉన్నారు. పోలియో వల్ల మెడ కిందికి చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1960లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రంలో మాస్టర్స్ వరకు చదివారు. ఆయనకు వసతి గృహంలో చోటు కుదరక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోనే నివసించారు. 1972లో వైకల్యం ఉన్నవారే నడిపే స్వతంత్ర జీవన కేంద్రం అదే ఊళ్లో మొదలైంది, ఆయన దానికి నాయకత్వం వహించారు. ఆయన పని చేయలేరని ఒకప్పుడు తేల్చిన రాష్ట్ర పునరావాస శాఖకే 1970ల మధ్యలో ఆయన అధిపతి అయ్యారు. చక్రాల కుర్చీలో ఉన్నందుకు జుడిత్ హ్యూమన్‌కు 1970లో న్యూయార్క్ విద్యా మండలి టీచరు లైసెన్సు నిరాకరిస్తే, ఆమె కోర్టుకు వెళ్లి సాధించుకున్నారు. ఆ తర్వాత బర్క్‌లీలోనే 1975లో ప్రజారోగ్యంలో మాస్టర్స్ పూర్తి చేశారు. 1977లో వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వ కార్యాలయంలో మూడు వారాలకు పైగా సాగిన బైఠాయింపుకు సారథ్యం వహించినవారిలో ఆమె ఒకరు. తర్వాత అమెరికా విద్యాశాఖలో సహాయ కార్యదర్శిగా, ప్రపంచ బ్యాంకులో వైకల్య విషయాల సలహాదారుగా పనిచేశారు. ఉద్యమం ఆమెకు గొంతునిచ్చిందనుకుంటే, ఆ గొంతు ప్రభుత్వ శాఖల లోపల చెల్లుబాటు కావడానికి చదువు తోడ్పడింది.

కోర్సు కష్టమన్న మాటకు వస్తే, ఆ కష్టంలో ఎక్కువ భాగం విశ్వవిద్యాలయం తొలగించవలసినదే. ఉన్నత విద్యలో వివక్ష లేకుండా, సముచిత సర్దుబాట్లతో ప్రవేశం కల్పించాలని ఒడంబడిక 24వ అధికరణం చెబుతోంది. చేరే ముందే లిఖితపూర్వకంగా అడగండి. పఠన సామగ్రి స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవగలిగే రూపంలో మొదటి వారానికే ఇస్తారా, లేక స్కాన్ చేసిన బొమ్మల పేజీలు పంపుతారా? పరీక్షలో అదనపు సమయం ఎవరు మంజూరు చేస్తారు, ఎన్ని రోజుల ముందు దరఖాస్తు చేయాలి? క్షేత్ర శిక్షణకు పంపే సంస్థలో మీ కుర్చీ వెళ్లగల మరుగుదొడ్డి ఉందా? ఈ చివరి ప్రశ్నను చాలామంది అడగరు. తరగతి గది వరకు అన్నీ బాగుండి, శిక్షణ స్థలం దగ్గర చదువు ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. వారు ఇచ్చే జవాబు తీరును బట్టే ఆ విభాగం తాను బోధించే విషయాన్ని ఎంతవరకు నమ్ముతోందో మీకు అర్థమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి తీవ్ర మేధో వైకల్యం ఉంది. మాలాంటి తల్లిదండ్రులం కొందరం కలిసి ఒక చిన్న పగటి కేంద్రం నడుపుతున్నాము. నేనే కార్యదర్శిని. నా వయసు అరవైకి దగ్గరపడుతోంది. ఇప్పుడు పీజీ చదవడం ఉపయోగమా?

జవాబు: అమ్మా, మీరు పూర్తి స్థాయి డిగ్రీకి ఇప్పుడు సమయం పెట్టనక్కరలేదని నా అభిప్రాయం. సంస్థ పాలన, ఆర్థిక బాధ్యత అనే అంశాలలో స్వల్పకాలిక కోర్సు ఒకటి చేయండి. పెద్ద చదువుకు మీ సిబ్బందిలో చిన్న వయసువారిని ఒకరిని ఎంచి, ఫీజులో వాటా సంస్థే భరించి పంపండి. మీ తర్వాత కేంద్రాన్ని ఎవరు నడపాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే తయారవుతుంది. ఇంకొక విషయం, నొచ్చుకోకుండా ఆలోచించండి. తల్లిగా మీ అబ్బాయికి కావలసినదీ, కార్యదర్శిగా అక్కడి అందరికీ కావలసినదీ ఎప్పుడూ ఒకటే కాకపోవచ్చు. అందువల్ల మీ అబ్బాయికి సంబంధించిన నిర్ణయాలు కమిటీలో చర్చకు వచ్చినప్పుడు మీరు పక్కకు తప్పుకునే నియమం ఒకటి రాసిపెట్టుకోండి. కమిటీలో వైకల్యం ఉన్న పెద్దవారు కనీసం ఇద్దరైనా ఉండేటట్టు చూడండి. ఒక్కరే ఉంటే వారి మాట ఒంటరిదైపోతుంది.

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) దశకు వచ్చాను. నేను మేనేజరుగా ఉన్న కేంద్రంలోని వారినే ఇంటర్వ్యూ చేసి రాద్దామనుకుంటున్నాను. పని తేలిక అవుతుంది కదా! అది సరైనదేనా?

జవాబు: అంశాన్ని మీ పని నుంచే తీసుకోవాలన్న ఆలోచన చాలా మంచిది. మనుషులను మాత్రం మీ కేంద్రం నుంచి తీసుకోవద్దు. మీరు అడిగితే ‘లేదు’ అనడం వారికి కష్టం. రేపటి సేవ మీ చేతిలో ఉందని వారికి తెలుసు కాబట్టి సేవల గురించి చెడుగా ఒక్క మాట కూడా చెప్పరు, అటువంటి ఇంటర్వ్యూలతో తేలేది ఏమీ ఉండదు. నైతిక పరిశీలన కమిటీ కూడా మొదట పట్టుకునేది దీన్నే. మరో సంస్థతో మాట్లాడుకుని అక్కడివారిని అడగండి. లేదా మీ కేంద్రంలో ఇప్పటికే ఉన్న నోట్స్, రోస్టర్లు, సంఘటనల నమోదులను తగిన అనుమతులతో, పేర్లు తొలగించి విశ్లేషించండి. ఒక ఏడాది రోస్టరును, అదే ఏడాది సంఘటనల నమోదును పక్కపక్కన పెట్టి, కొత్తవారు షిఫ్టులో ఉన్న రోజులలో ఏం జరిగిందో చూసినా చక్కని డిసర్టేషన్ అవుతుంది, మీ సంస్థకు కూడా వెంటనే పనికొస్తుంది.

మేధో వైకల్యం ఉన్నవారితో ఇంటర్వ్యూలు చేసేటట్టయితే, సమ్మతి పత్రాన్ని పొట్టి వాక్యాలలో, పెద్ద అక్షరాలలో, ఒక్కో విషయానికి ఒక్కో బొమ్మతో తయారు చేయండి. సమ్మతిని మొదట ఒకసారి తీసుకుని ఊరుకోకుండా, కలిసిన ప్రతిసారీ మళ్లీ అడగండి. మాటలు లేనివారు ముఖం తిప్పుకోవడం, లేచి వెళ్లిపోవడం కూడా నిరాకరణే అని మీ ప్రతిపాదనలో ముందే రాయండి. ఉద్యోగంతో పాటు ఇదంతా చేయాలంటే వ్యవధి సరిపోదని చాలామంది ఇంటర్వ్యూల సంఖ్య తగ్గించకుండా, ఫలితాలను పాల్గొన్నవారికి తిరిగి చెప్పే పనిని వదిలేస్తారు. మీరు దానికి భిన్నంగా ఇంటర్వ్యూలు కొన్ని తగ్గించుకుని, తేలిన విషయాలను రెండు పేజీల సులభ రూపంలో రాసి, వారి దగ్గరికి వెళ్లి చదివి వినిపించడానికి కావలసిన వారాలను మీ కాలపట్టికలో ఇప్పుడే కేటాయించండి.